ఫ్యూజు ఎందుకు పోయింది? – పాలు తెచ్చే మోటారు సైకిళ్లపై ఒక పాఠం

సైకిలు వెనుక క్యాను కట్టుకుని తొక్కుకుంటూ పాలు తెచ్చే రోజులు చాలా గ్రామాలలో వెనుకబడ్డాయి. ఇప్పుడు పాడి రైతు ఇంటి నుండి సంఘానికి, చిన్న సంఘం నుండి బల్క్ కూలింగ్ కేంద్రానికి పాలు చేరవేసే పని చాలా వరకు మోటారు సైకిలు మీద పడింది. పశువుల మేత గురించి, దాణా గురించి, పాలు పిండే శుభ్రత గురించి ఈ పుటలలో తరచుగా చెప్పుకుంటూనే ఉన్నాము. ఆ పాలను మోసే బండి గురించి చెప్పుకున్నది మాత్రం తక్కువ. అందులోనూ బండి ఇంజను గురించి నాలుగు ముక్కలు తెలిసినవారు ప్రతి ఊరిలో ఉంటారు గాని, వైరింగు దగ్గరకు వచ్చేసరికి చాలామంది చేతులెత్తేస్తారు. లేదా ఏదో ఒక తీగ చుట్టి పని గడుపుకుంటారు. ఈ రెండవ అలవాటు వలన జరిగే నష్టం ఎక్కువ కాబట్టి ఈసారి పాఠానికి ఫ్యూజును ఎంచుకున్నాము.

పాలకు ఆగే గుణం లేదని సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పిండిన పాలు ఎంత త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబడితే అంత నిలుస్తాయి. వేసవి పూట దారి మధ్యన బండి ఆగి గంట గడిచిందంటే క్యానులోని సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. కేంద్రంలో సి.ఓ.బి. పరీక్ష చేసినప్పుడు, అనగా గాజు నాళికలో కొద్ది పాలు పోసి కాచినప్పుడు, అవి విరిగితే క్యాను వెనక్కు వస్తుంది. అందులో పూటకు లీటరు, రెండు లీటర్లు పోసే చిన్న రైతుల పాలు కూడా ఉంటాయి. బండి ఆగడానికి కారణం కొద్ది రూపాయల ఫ్యూజు కావచ్చు, నష్టం మాత్రం క్యానంత.

ఫ్యూజు చేసే పని

చెరువుకు అలుగు ఉంటుంది. కట్ట కంటె అలుగును తక్కువ ఎత్తులో కట్టడం కావాలని చేసే పనే. వరద వచ్చినప్పుడు నీరు ముందుగా అక్కడే పొర్లాలి, కట్ట మీదికి ఎక్కరాదు. నీరు వృథా పోతున్నదని ఎవరైనా అలుగుకు అడ్డంగా ఇసుక బస్తాలు వేస్తే ఏమవుతుంది? కట్ట తెగుతుంది. బండిలో ఫ్యూజు కూడా ఇలాగే కావాలని బలహీనంగా చేసిన చోటు. అలుగు నీటిని వదులుతుంది, ఫ్యూజు కరెంటును ఆపుతుంది, అంతే తేడా. బ్యాటరీ నుండి బయలుదేరిన కరెంటు ముందుగా ఫ్యూజులోని సన్నని లోహపు ముక్క గుండా పోయి, ఆ తరువాతే తాళానికి, లైట్లకు, హారన్‌కు చేరుతుంది. ఎక్కడైనా తీగ తొడుగు చిట్లి బండి ఇనుముకు తగిలితే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ముందుగా కరిగేది ఆ ముక్క. మిగిలిన తీగలన్నీ క్షేమంగా ఉంటాయి.

కాబట్టి ఫ్యూజు పోయిందంటే ఫ్యూజు చెడిపోయిందని కాదు, చాలాసార్లు అది తన పని తాను చేసిందని అర్థం. అది ఎందుకు పోయిందన్నదే అడగవలసిన ప్రశ్న.

పాత బండ్లలో గాజు గొట్టంలో సన్నని తీగ ఉన్న ఫ్యూజులు వచ్చేవి. ఇప్పటి బండ్లలో రెండు రేకు కాళ్లు ఉన్న ప్లాస్టిక్ ఫ్యూజులు వస్తున్నాయి. వీటికి రంగును బట్టి ఆంపియర్లు తెలుస్తాయి: బ్రౌన్ రంగుది 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. చదువు రానివారు కూడా రంగు చూసి సరైనది వేయగలరు. సాధారణంగా ఫ్యూజు పెట్టె సీటు కింద గాని, పక్క మూత లోపల బ్యాటరీ దగ్గర గాని ఉంటుంది. చాలా బండ్లలో ఆ పెట్టెలోనే ఒక అదనపు ఫ్యూజు కూడా కంపెనీ వారు పెడతారు. అది ఉన్నదో లేదో ఈ రోజే ఒకసారి మూత తీసి చూడండి. సెకండ్ హ్యాండులో కొన్న బండి అయితే అది ఎప్పుడో వాడేసి ఉంటారు.

పది ఆంపియర్లే ఎందుకు?

లెక్క చాలా సులభం. బల్బు మీద రాసిన వాట్లను 12 వోల్టులతో భాగిస్తే అది లాగే ఆంపియర్లు వస్తాయి. 35 వాట్ల హెడ్‌లైటు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. వెనుక లైటు 5 వాట్లు, బ్రేకు లైటు 21 వాట్లు, రెండూ కలిపి రెండు ఆంపియర్లకు కొంచెం పైన. ఒక వైపు ఇండికేటర్లు రెండూ కలిసి 20 వాట్లు, అంటే ఒకటిన్నర పైచిలుకు. హారన్‌కు ఇంకో రెండు వేసుకుందాం. అన్నీ ఒకేసారి వాడినా తొమ్మిది ఆంపియర్లు దాటదు. బండి తయారు చేసినవారు ఈ లెక్క చూసుకునే తీగల లావు నిర్ణయించి, దానికి తగిన 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు. సెల్ఫ్ మోటారు ఒక్కటి మాత్రం చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి బ్యాటరీ నుండి వేరే లావు తీగ ఉంటుంది.

ఇప్పుడు తెల్లవారుజామున చీకటిలో వెళ్లాలి కదా అని ఒకరు 55 వాట్ల అదనపు లైటు బిగించుకున్నారనుకోండి. అది ఒక్కటే నాలుగున్నర ఆంపియర్లు. మరొకరు దారిలో గేదెలు అడ్డం వస్తున్నాయని లారీ హారన్ పెట్టుకుంటారు. 10 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే పోతున్నదని మెకానిక్ మీద విసుక్కుంటారు. ఫ్యూజు తప్పేమీ లేదు. అదనపు లైటు కావలసినవారు దానికి బ్యాటరీ నుండి విడిగా తీగ, విడిగా ఫ్యూజు, వీలైతే రిలే పెట్టించుకోవాలి. ఆ ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. లైటు దగ్గర పెడితే బ్యాటరీ నుండి అక్కడిదాకా ఉన్న తీగకు కాపలా ఉండదు.

రాగి తీగ చుట్టే అలవాటు

ఇంట్లో ఫ్యూజు పోతే దొరికిన వైరు ముక్క ఒలిచి నాలుగు పోగులు చుట్టడం మనకు అలవాటు. బోరు మోటారు స్టార్టరు దగ్గరా అదే చేస్తాము. ఆ అలవాటే బండికీ వచ్చింది. సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టేవారు కూడా ఉన్నారు.

ఇందులో ప్రమాదం ఎంతో అంకెలలో చూద్దాం. 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక రాగి పోగు సుమారు 7 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. అర మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ కరగడానికి సుమారు 28 ఆంపియర్లు కావాలి. చూపుకు రెండూ సన్నని తీగలే. చుట్టేవారికి ఎన్ని ఆంపియర్లు చుట్టారో తెలియదు. 28 ఆంపియర్ల వరకు ఆ తీగ చెక్కుచెదరదు. ఈలోపల 10 ఆంపియర్లకు తగినట్లు వేసిన వైరింగు వేడెక్కి, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, పక్క తీగకు అంటుకుంటుంది. ఆ వైరింగు పోయే దారి ఎక్కడో గమనించారా? హ్యాండిల్ మెడ నుండి సీటు దాకా, పెట్రోలు ట్యాంకు కిందుగా. ఇంతకంటె వేరే చెప్పవలసిన పని లేదు.

పదికి బదులు ఇరవై ఆంపియర్ల ఫ్యూజు వేయడం కూడా ఇదే పని, కాకపోతే దుకాణంలో కొని చేస్తున్నాము.

నిండు క్యానుతో పోయే ఫ్యూజు

మేము చూసిన ఒక సంగతి చెబుతాము. రెండు 40 లీటర్ల క్యాన్లతో పూటపూటా కేంద్రానికి పాలు చేర్చే ఒక బండి. ఫ్యూజు పోతే ఇంజను కూడా ఆగిపోయే రకం. కొత్తగా క్యాన్లకు ఇనుప చట్రం వెల్డింగ్ చేయించాక వారం రోజులకు ఫ్యూజు పోవడం మొదలైంది. వెళ్లేటప్పుడే పోతుంది, వచ్చేటప్పుడు పోదు. మొదటిసారి అదనపు ఫ్యూజు వేశారు. రెండవసారి ఫ్యూజు లేక రాగి తీగ చుట్టారు. కిలోమీటరు కూడా పోకముందే సీటు కింద నుండి పొగ వచ్చింది. తాళం తిప్పగానే పొగ ఆగింది. కాలుతున్న తీగ తాళం తరువాతి తీగ కావడం అదృష్టం. తాళానికి ముందున్న తీగ అయితే, తాళం తీసి జేబులో పెట్టుకున్నా అది కాలుతూనే ఉండేది, బ్యాటరీ తీగ ఊడదీసేవరకు. ఆ పూట క్యాన్లు ఆటోలో ఎక్కించి పంపేసరికి పొద్దెక్కింది. ఒక క్యాను పరీక్షలో నిలవలేదు.

బండిని మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లారు. ఆయన వెనుక లైటు తీగలు కొన్ని మార్చి, టేపు చుట్టి, అన్ని స్విచ్చులూ నొక్కి చూశాడు. ఏ లోపం కనిపించలేదు. మర్నాడు పొద్దున మళ్లీ ఫ్యూజు పోయింది.

“ఎన్ని వేసినా నిలవడం లేదురా అబ్బాయ్, ఇరవై వేసెయ్” అన్నారు బండి ఆయన.

“ఇరవై వేస్తే ఫ్యూజు నిలుస్తుంది బాబాయ్, బండి నిలవదు. క్యాన్లు తెచ్చావా?” అన్నాడు ఆ కుర్రవాడు.

క్యాన్లు రెండూ నీటితో నింపి చట్రానికి తగిలించాడు. తాళం పెట్టి బండిని కిందికి పైకి నాలుగుసార్లు అదిమాడు. ఫ్యూజు పోయింది. తరువాత వంగి చూస్తే చట్రపు అడ్డపట్టీ ఒకటి, బరువు పడినప్పుడల్లా కిందికి వంగి, మడ్‌గార్డు అంచున పోయే వెనుక లైటు తీగను నొక్కుతున్నది. తీగ తొడుగు అక్కడ గోటితో గీరినంత మేర అరిగిపోయింది. రెండు నిండు క్యాన్లంటే 80 కిలోలకు పైగా బరువు. ఖాళీ క్యాన్లతో వచ్చేటప్పుడు పట్టీ తీగకు తగలదు. మెకానిక్ దగ్గరకు బండి ఎప్పుడూ ఖాళీగానే వెళ్లింది కనుక ఆయనకు లోపం దొరకలేదు. తీగను ఇంకో దారిన మళ్లించి, రబ్బరు గొట్టం తొడిగి, పట్టీని కోయించారు. తరువాత అదే 10 ఆంపియర్ల ఫ్యూజు వేశారు.

ఈ ఉదాహరణను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. మెకానిక్‌కు “ఫ్యూజు పోతున్నది” అని మాత్రమే చెబితే సగం చెప్పినట్లు. ఎప్పుడు పోతున్నదో చెప్పాలి. తాళం తిప్పగానేనా, బ్రేకు నొక్కినప్పుడా, హారన్ కొట్టినప్పుడా, హ్యాండిల్ ఒక వైపుకు పూర్తిగా తిప్పినప్పుడా, గతుకులో పడ్డప్పుడా, వాన పడ్డాకనా? బ్రేకు నొక్కినప్పుడు పోతే బ్రేకు లైటు తీగ, దాని స్విచ్చి చూడాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు పోతే మెడ దగ్గర తీగల కట్ట నలిగి ఉంటుంది. బాగా తిరిగిన బండ్లలో మొదట అరిగేది అక్కడే.

పోయిన ఫ్యూజును పారవేయక ముందు దానిని కూడా ఒకసారి వెలుతురుకు పెట్టి చూడండి. గాజు ఫ్యూజు లోపల నల్లగా మసిబారి, లేదా వెండి పూత పూసినట్లు ఉంటే గట్టి షార్టు అయిందన్నమాట. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో మాత్రం కరిగి ఉంటే పరిమితికి కొంచెం మించి కరెంటు లాగి ఉంటుంది. లోపలి ముక్క బాగానే ఉండి, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కరిగి ఉంటే లోపం తీగలలో కాదు, ఫ్యూజు పట్టుకునే క్లిప్పులలో. అవి వదులై, చిలుము పట్టి, అక్కడే వేడి పుడుతున్నది.

వెతికే పద్ధతి

ముందుగా ఒక మాట. పని చేయనిదల్లా ఫ్యూజు వల్ల కాదు. ఒక్క లైటు వెలగకపోతే బల్బు, దాని స్విచ్చి, దాని తీగ చూడాలి. ఇండికేటరు మామూలు కంటె వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయి ఉంటుంది. ఇండికేటరు వేస్తే వెనుక లైటు కూడా దానితో పాటు మిణుకుతుంటే అక్కడ ఎర్తు తీగ సరిగా లేదు. అన్నీ ఒకేసారి ఆగిపోతేనే ఫ్యూజును, బ్యాటరీ తీగలను, తాళాన్ని అనుమానించాలి.

పాత కార్బురేటరు బండ్లు చాలా వాటిలో ఇంజను నిప్పురవ్వకు బ్యాటరీతో పని లేదు. ఫ్యూజు పోయినా కిక్ కొడితే ఇంజను స్టార్టవుతుంది. హారన్, ఇండికేటర్లు, సెల్ఫ్ మాత్రం పని చేయవు. అటువంటి బండి అయితే ముందు పాలు చేర్చి తరువాత చూసుకోవచ్చు, చీకటి వేళ కాకపోతే. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నిబంధన వచ్చాక తయారైన బండ్లలో ఎక్కువ భాగం పెట్రోలు ఇంజెక్షన్‌తో నడిచేవి. వీటిలో పెట్రోలు పంపుకు, కంట్రోల్ యూనిట్‌కు కరెంటు కావాలి. ప్రధాన ఫ్యూజు పోతే ఎంత తోసినా స్టార్టు కావు.

షార్టు ఎక్కడ ఉన్నదో కనుక్కోవడానికి ఫ్యూజుల మీద ఫ్యూజులు కాల్చనక్కరలేదు. 12 వోల్టుల 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి, దాని హోల్డరు, రెండు తీగ ముక్కలు చాలు. తాళం తీసి, పోయిన ఫ్యూజు ఊడదీసి, ఆ రెండు క్లిప్పులకు బల్బు తీగలు రెండు తగిలించండి. ఇప్పుడు తాళం తిప్పండి. స్విచ్చులన్నీ ఆపి ఉంచండి. తీగ ఎక్కడైనా ఇనుముకు తగులుతుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. బల్బు గుండా రెండు ఆంపియర్ల లోపే పోతుంది కాబట్టి ఎంతసేపు వెతికినా తీగ కాలదు. అలా వెలుగుతుండగా వెనుక లైటు కప్లరు ఊడదీయండి. ఆరలేదా? తిరిగి తగిలించి హెడ్‌లైటు డూములోని కప్లర్లు ఒక్కొక్కటిగా తీయండి. ఏది తీసినప్పుడు బల్బు ఆరిందో లోపం ఆ శాఖలో ఉన్నట్లు. బల్బు అసలు వెలగకపోతే హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, తీగల కట్టను చేతితో కదిపి, క్యాన్లు తగిలించి కూడా చూడాలి. మామూలుగా లైటు వేసినా ఈ బల్బు కొంత వెలుగుతుంది. దానిని చూసి షార్టు అనుకోరాదు. హారన్ లైను చూసేటప్పుడు హారన్ తీగలు ముందే ఊడదీసి పెట్టుకోవాలి.

ఇంజెక్షన్ బండ్లలో ప్రధాన ఫ్యూజు దగ్గర ఈ పద్ధతి వాడవద్దు. కంట్రోల్ యూనిట్‌కు పోయే తీగలకు బల్బుగాని, మరో తీగగాని తాకించరాదు. లైట్లకు, హారన్‌కు విడి ఫ్యూజు ఉంటే అక్కడ వరకు వాడుకోవచ్చు. మిగిలినది తెలిసిన మెకానిక్‌కు వదలాలి.

సంఘంలో ఎవరికైనా మల్టీమీటరు ఉంటే పని ఇంకా తేలిక. బండి ఆపి కొన్ని గంటలు అయ్యాక బాగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టుల దాపున చూపాలి. 12 కి దిగితే ఖాళీ అయినట్లే. ఇంజను కొంచెం వేగంగా నడుస్తున్నప్పుడు 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. 15 దాటితే రెక్టిఫైయరు లోపం. బల్బులు తరచుగా మాడిపోయే బండ్లలో ఇది తప్పక చూడవలసినది. బల్బులు కొంటూ పోయేవారే ఎక్కువ, చూసేవారు తక్కువ.

పాల బండికి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

పట్నంలో ఆఫీసుకు పోయే బండికి లేని కష్టాలు మన బండ్లకు ఉన్నాయి. చాలామంది బండిని పశువుల కొట్టంలోనే నిలుపుతారు. పశువుల మూత్రం నుండి వచ్చే అమోనియా ఘాటు రాగిని తింటుంది. కప్లర్ల లోపల, బ్యాటరీ తలల మీద పచ్చని చిలుము పట్టేది అందువల్లనే. దాణా వాసనకు ఎలుకలు వస్తాయి, దాణా దొరకని రోజు తీగలు కొరుకుతాయి. క్యాను నుండి తొణికిన పాలు కింది కప్లర్లలోకి జారి పులుస్తాయి, ఆ పులుపు కూడా లోహానికి చేటే. క్యాన్లతో పాటు బండిని కూడా గొట్టం పెట్టి కడిగేవారు నీటి ధారను హెడ్‌లైటు వెనుకకు, సీటు కిందికి, తాళం రంధ్రంలోకి కొట్టరాదు.

వీలైతే బండిని కొట్టానికి దూరంగా, గాలి ఆడే చోట నిలపండి. నెలకొకసారి సీటు తీసి చూడండి. బ్యాటరీ తలలు వదులుగా ఉంటే బిగించండి. చిలుము పడితే ముందుగా నెగెటివ్ తీగ, తరువాత పాజిటివ్ తీగ ఊడదీసి, వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరాక బిగించి, పైన వాజిలైను రాయండి. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఈ వరుస ఎందుకంటే, నెగెటివ్ ఊడి ఉన్నప్పుడు స్పానరు పొరపాటున బండి ఇనుముకు తగిలినా ప్రమాదం లేదు. నీరు పోసే రకం బ్యాటరీ అయితే సోడా నీరు లోపలికి పోకుండా చూసుకోవాలి.

క్యాన్లకు చట్రం వెల్డింగ్ చేయించేవారికి ఇంకొక జాగ్రత్త. వెల్డింగ్ మొదలుపెట్టక ముందు బ్యాటరీ తీగలు రెండూ ఊడదీయించండి. ఇంజెక్షన్ బండి అయితే కంట్రోల్ యూనిట్ కప్లరు కూడా తీయించాలి. వెల్డింగ్ ఎర్తు బిగింపును అతికే చోటికి దగ్గరగా, చట్రానికే పెట్టించాలి, ఇంజనుకు కాదు. పెట్రోలు ట్యాంకు దింపి దూరంగా పెట్టించండి. పని అయ్యాక క్యాన్లు నీటితో నింపి తగిలించి, ఒక మనిషిని కూడా ఎక్కించి, చట్రం ఏ తీగకైనా ఆనుతున్నదేమో కింద నుండి టార్చి వేసి చూసుకున్న తరువాతే వెల్డరుకు డబ్బు ఇవ్వండి.